అజంతా నీలము - నకలు ఫిలిము

మారేడ్‌పల్లిలో చదువుకొను విద్యార్థి అజంతా గోడచిత్రముల రూపమును జంటనగరములు దాటి పోకుండగనే మూడు విధములుగా చూడవచ్చును. బస్సెక్కి నాంపల్లికి పోయినచో, పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో చిత్రకారులు చేతితో వ్రాసిన ప్రతులు కలవు. పెద్ద గ్రంథాలయమునకు పోయినచో, గులాం యజ్దానీ సంపాదకత్వమున 1930 నుండి 1955 వరకు నాలుగు భాగములుగా వెలువడిన అజంతా గ్రంథములోని రంగుల పుటలు దొరకవచ్చును. మూడవది, ఏ పాఠశాల బీరువాలోనైనను పాత స్లైడుల పెట్టె మిగిలియున్నచో, గోడమీద పడు వెలుగుబొమ్మ. ఈ మూడింటిని ఒకే వారములో చూచిన బాలునకు ఒక సందేహము కలుగక మానదు. ఒకే చిత్రములోని నీలము ఒకచోట నిండుగాను, ఒకచోట బూడిదవలెను, ఒకచోట వంగపండు ఛాయతోను కనబడినచో, వీనిలో నిజమైనది ఏది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పబోవు ఉపాధ్యాయుడు చిత్రకళను కాసేపు ప్రక్కనబెట్టి భౌతికశాస్త్రములోనికి దిగవలసియుండును. చేతిప్రతిలో దోషము చిత్రకారునిది. అచ్చుపుటలో దోషము సిరాది. స్లైడులో దోషము ఫిలిముది. ఆ ఫిలిము ఏ పనికొరకు తయారైనదో ఆ పనికే వాడబడినదా అనునది తరచుగా ఎవ్వరును అడుగని ప్రశ్న.

అజంతా ప్రతుల చరిత్ర అంతయు నష్టముల చరిత్రయే. మద్రాసు సైన్యమునకు చెందిన మేజరు రాబర్టు గిల్ 1844 తరువాత ఏండ్ల తరబడి గుహలలో కూర్చుండి వ్రాసిన ప్రతులు లండను సమీపమున క్రిస్టల్ ప్యాలెసులో ప్రదర్శింపబడి, 1866 లో అక్కడి అగ్నిప్రమాదములో చాలవరకు కాలిపోయినవి. బొంబాయి చిత్రకళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్సు తన విద్యార్థులతో కలసి 1872 నుండి వ్రాసిన ప్రతులలో పెక్కు 1885 లో సౌత్ కెన్సింగ్టనులో అగ్నికి ఆహుతియైనవి. ప్రతులు వ్రాయువారు, చూడవచ్చినవారు బొమ్మ స్పష్టముగా కనబడుటకై గోడపై పూసిన వార్నిషు కాలక్రమమున పసుపు తిరిగినది. అనగా అసలు నీలము మీదనే పసుపు తెర పడినది. గుహలు ఆ కాలమున హైదరాబాదు సంస్థానములో ఉండెను. 1914 లో ఏర్పడిన పురావస్తుశాఖ వాని రక్షణభారము వహించినది. 1920-22 లో నిజాము ప్రభుత్వము ఇటలీనుండి లోరెంజో చెక్కోనిని రప్పించి చిత్రములను బాగుచేయించినది. యజ్దానీ గ్రంథములోని రంగుపుటలకు ఇ. ఎల్. వాసే తీసిన ఛాయాచిత్రములు ఆధారము. మొదటి భాగము అచ్చగునాటికి కొడాక్రోము ఫిలిము ఇంకను పుట్టలేదు. అది 1935 లో వచ్చినది.

కొడాక్రోము, దాని వెనుక ఎక్టాక్రోము, ఫ్యూజిక్రోము వచ్చిన తరువాత కళాచిత్రములను స్లైడులుగా తీయుట సులభమైనది. ఉపన్యాసము చెప్పువారికి పెట్టెడు స్లైడులు చాలును. కాని స్లైడు ఒక్కటే ఉండును. దానికి నెగెటివు లేదు. ప్రొజెక్టరు దీపపు వేడిమికి, వెలుగునకు అది వెలసిపోవును. అందుచేత అసలు స్లైడును చీకటిలో దాచి, దాని నకలును తరగతిలో చూపుట మంచి పద్ధతి. ఈ నకలు కొరకు ప్రత్యేకముగా తయారైనదే పారదర్శక చిత్రముల నకలు ఫిలిము. కొడాకువారి ఎక్టాక్రోము డూప్లికేటింగు ఫిలిము 5071, ఫ్యూజీవారి సి.డి.యు. ఫిలిము ఈ జాతివి. సాధారణ ఫిలిములకు వ్రాసినట్లు వీనికి ఎండలో వాడదగిన వేగసంఖ్య ముఖ్యముకాదు. 5071 ను 3200 కెల్విను టంగ్‌స్టను దీపము క్రింద, సుమారు ఒక సెకను కాలము వెలుగు చూపుటకై కూర్చిరి. ఒక్కొక్క తయారీకి రంగుసమత కొద్దిగా మారును గనుక ఏ ఫిల్టర్లతో ప్రారంభింపవలెనో తయారీ సంఖ్యనుబట్టి సూచన ఉండెడిది.

ఈ ఫిలిము ప్రత్యేకత తెలియుటకు కాంతి సాంద్రత అను కొలతను గ్రహించవలెను. ఒక మచ్చ తనపై పడిన వెలుగులో సగమును మాత్రమే తిరిగి పంపినయెడల దాని సాంద్రత 0.3. పదింట ఒక వంతు పంపినచో 1. నూటికి ఒక వంతు పంపినచో 2. ఇది 10 మూలముగా గల లాగరిథము. పదవ తరగతి విద్యార్థి దీనిని కాగితముమీద సరిచూచుకొనవచ్చును. అసలులో రెండు మచ్చల సాంద్రతలో ఉన్న తేడాకును, నకలులో అవే మచ్చల సాంద్రతలో ఏర్పడు తేడాకును గల నిష్పత్తిని గామా అందురు. గామా 1 అయినచో తేడాలు ఉన్నవి ఉన్నట్లుగా దిగును.

సాధారణ స్లైడు ఫిలిము గామా ఒకటికాదు. అది సుమారు ఒకటిన్నర, కొన్నిటిలో ఇంకను ఎక్కువ. ఇది తయారీదారుల పొరపాటు కాదు, కావలసి చేసినది. చీకటిగదిలో, చుట్టును నల్లగానుండగా బొమ్మను చూచినపుడు కంటికి వెలుగునీడల తేడా తగ్గినట్లు తోచును. ప్రొజెక్టరు కటకములో చెదరిన వెలుగు నల్లని భాగములను మరికొంత తేల్చును. ఈ రెండు నష్టములను ముందుగానే లెక్కగట్టి ఫిలిములో తేడాను పెంచి ఉంచిరి. కాని అట్టి స్లైడును మరల అట్టి ఫిలిముమీదనే నకలు తీసినచో ఒకటిన్నరను ఒకటిన్నరచే హెచ్చించినట్లగును. అసలు దృశ్యములో ఒకటి రెండవదానికి రెట్టింపు వెలుగుగల రెండు మచ్చలుండెననుకొనిన, వాని తేడా 0.3. స్లైడులో అది 0.45 అగును, అనగా సుమారు 2.8 రెట్లు. నకలులో 0.675 అగును, అనగా సుమారు 4.7 రెట్లు. ముఖములోని మెత్తని నీడ మసిగీతగా మారును. నకలు ఫిలిము గామా 1 కి దగ్గరగా ఉండును గనుక స్లైడులోని 2.8 రెట్లు నకలులోను 2.8 రెట్లుగనే నిలుచును.

ఇంతవరకు వివాదము లేదు. వివాదము దీని తరువాతిది. స్లైడులకు ఇంత నమ్మకముగా నకలు తీయు ఫిలిమును పటములకు, గోడచిత్రములకు, వ్రాతప్రతులకు, పాత ఫోటోలకు ఎందుకు వాడరాదు అని ఫోటోగ్రాఫర్లు అడిగిరి, వాడిరి, వాడుమని ఒకరికొకరు చెప్పుకొనిరి. నకలు పని అంతయు ఒకటే గదా అనునది వారి తర్కము. ఈ తర్కములో సగము నిజము, సగము మాటల పోలికవలన కలిగిన భ్రమ.

నిజమైన సగమును ముందు ఒప్పుకొనవలెను. ఒక నూనెరంగుల చిత్రములో తెలుపు సాంద్రత 0.1, నలుపు 1.9 అనుకొనిన, మొత్తము విస్తారము 1.8. సాధారణ స్లైడు ఫిలిముమీద అది 2.7 కు సాగును. కంటికి హాయిగానుండిన మధ్యఛాయలు రెండు చివరలకు తోయబడును. చిత్రముపై మెరుపు రాకుండ దీపములకును కటకమునకును అడ్డముగా ధ్రువణ ఫిల్టర్లు పెట్టినపుడు ఈ బాధ రెట్టింపగును. మెరుపు పోయినకొలది నలుపు మరింత నల్లనగును గదా. ఇట్టి చోట నకలు ఫిలిము నిజముగా ఉపకరించును. నల్లని చీరమడతలలో చిత్రకారుడు వేసిన గీతలు దానిలో నిలుచును. అచ్చుకు పంపవలసిన బొమ్మకు, నేడు స్కానరులో పెట్టవలసిన బొమ్మకు ఈ మెత్తదనమే కావలెను. సాధారణ ఫిలిముకు ముందుగా పలుచని వెలుగు చూపి తేడా తగ్గించు ఉపాయము ఒకటి గలదు గాని, అందులో నీడలు విప్పుకొనునదే తప్ప నలుపు నలుపుగా ఉండదు. దానితో పోల్చినచో నకలు ఫిలిము చాల మేలు.

అయితే అదే నకలును గోడమీద వేసి చూపినచో? అసలు చిత్రము నుండి గామా 1 తో తీసిన స్లైడులో, చీకటిగది కోరు అదనపు తేడా లేదు. బొమ్మ పాలుగలిపిన కాఫీవలె చప్పగా పడును. పగలు పదకొండు గంటలకు కిటికీలకు నల్లగుడ్డ కట్టి చేసిన తరగతిగది చీకటి ఎట్టిదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. గుడ్డ అంచులనుండి వచ్చు ఎండ ఆ కొద్దిపాటి నలుపును కూడ తినివేయును. బాలురు చూచునది అజంతా కాదు, అజంతామీద కప్పిన మంచు. కావున ఒకే ఫిలిము అచ్చుపనికి మంచిదియు ప్రదర్శనకు చెడ్డదియు కావచ్చును. ఫిలిమును మెచ్చుకొనువారు ఏ పనికి అని చెప్పకుండ మెచ్చుకొనుట ఇక్కడ మొదటి లోపము.

రెండవ లోపము దీనికంటె లోతైనది. అది వెలుగునీడలది కాదు, రంగులది.

స్లైడులో లోకములోని రంగులు లేవు. అందులో ఉన్నవి మూడే రంజకములు: పసుపు, మజెంటా, సయాను అను ఆకుపచ్చ కలసిన నీలి. ఆకాశమైనను, అరటాకైనను, జేగురైనను ఈ మూడింటి హెచ్చుతగ్గుల కూర్పే. నకలు ఫిలిము చూడవలసినది ఈ మూడింటినే. అందుచేత దాని మూడు పొరలకు ఒకటే పని: ఎదుటి స్లైడులో పసుపు ఎంత, మజెంటా ఎంత, సయాను ఎంత అని కొలుచుట. ఒక్కొక్క రంజకము ఏ తరంగదైర్ఘ్యములో వెలుగును ఎక్కువగా మ్రింగునో అక్కడ కొలిచినచో కొలత స్పష్టముగా వచ్చును. సయాను ఎక్కువగా మ్రింగునది సుమారు 650 నుండి 670 నానోమీటర్ల దగ్గర. మనిషి కంటిలో ఎరుపును గ్రహించునని చెప్పబడు శంకుకణము మాత్రము 560 నానోమీటర్ల సమీపమున ఎక్కువ చురుకుగానుండి, 700 దగ్గరకు పోవుసరికి దాదాపు గ్రుడ్డిది అగును. ఏ రంగు ఫిలిమును కంటివలె చూడలేదు. వస్తువులను చూచుటకు తయారైన ఫిలిము కంటికి కొంత దగ్గరకు వచ్చుటకు ప్రయత్నించును. నకలు ఫిలిమునకు ఆ ప్రయత్నముతో పనియే లేదు. మూడు రంజకములతో చేసిన లోకములో అది నిపుణుడు. ఆ లోకము దాటినచో దానికి భాష తెలియదు.

అజంతా గోడలమీద రంజకములు లేవు, మట్టిరంగులు, రాతిరంగులు ఉన్నవి. ఎర్ర మట్టి, పచ్చని మట్టి, ఆకుపచ్చ మట్టి, దీపపు మసి, సున్నపు తెలుపు, వానితోపాటు దూరదేశమునుండి వచ్చిన లాజవర్దము అను నీలపు రాయి. ఎర్ర మట్టి కాంతిని తిరిగిపంపు తీరు నునుపైనది. నీలి చివరనుండి ఎరుపు చివరకు మెల్లగా పెరుగుచు పోవును. దానిని ఏ ఫిలిమైనను సుమారుగా పట్టుకొనును. అందుచేతనే చెడిన స్లైడులలో కూడ అజంతా ఎరుపు బాగుగానే కనబడి, తక్కిన రంగులుకూడ సరియేనను నమ్మకము కలిగించును. లాజవర్దము అట్టిది కాదు. అది నీలమును పంపును, పసుపు నారింజలను మ్రింగును, మరల ఎరుపు చివర దాటుచుండగా కాంతిని తిరిగి పంపుట మొదలుపెట్టును. ఆ చివరి వెలుగు కంటికి దాదాపు కనబడదు. ఫిలిములోని ఎర్ర పొర అక్కడికి చేరినంతమేరకు దానిని చూచి, నీలములో ఎరుపు కలిసినదని వ్రాసికొనును. నీలము వంగపండు ఛాయకు జరుగును. కొన్ని నీలి పువ్వులు స్లైడులో గులాబిరంగుగా వచ్చుట చాలమంది ఎరిగినదే. కారణము ఇదియే. ఆకుపచ్చ మట్టి కథ వేరు. దాని రంగే పలుచనిది. కొలతలో కొద్ది తప్పు దొర్లినను అది గోధుమ బూడిదగా తేలిపోవును.

బూడిదరంగు పట్టీని ప్రక్కన పెట్టి తీసినచో ఇది సర్దుకొనును గదా అని కొందరందురు. పట్టీ వలన లాభము నిజమే. దీపపు పసుపుదనము, ఫిలిము తయారీలోని తేడా దానితో తెలిసిపోవును. కాని ఫిల్టరు మార్చి పట్టీని సరిచేసినచో సరియైనది పట్టీ మాత్రమే. కంటికి ఒకే నీలముగా తోచు రెండు రంగుపొడులు ఫిలిమునకు రెండు వేరు నీలములుగా కనబడుచున్నపుడు, ఒకదానిని సరిచేయు ఫిల్టరు రెండవదానిని చెరచును. అన్నిటికిని ఒకేసారి సరిపడు ఫిల్టరు లేదు. నకలు ఫిలిమును చిత్రములకు వాడుమని చెప్పువారు తేడా తగ్గిన సంగతిని చూపి మురిసిపోవుదురు. ఈ సంగతిని ముట్టుకొనరు. చూపవలసినది వ్రాతప్రతియో, గీతలచిత్రమో, పటమో అయినపుడు వారి మాట నిలుచును. రంగే ప్రాణముగాగల చిత్రమైనపుడు నిలువదు.

దీనిని పరీక్షించుటకు అజంతాకు పోనక్కరలేదు. తెల్లబట్టలకు పెట్టుటకై అమ్మబడు అల్ట్రామెరీను నీలము రసాయనముగా లాజవర్దపు నీలమునకు తోబుట్టువే. సోడియము, అల్యూమినియము, సిలికాను, ఆక్సిజనులతో కట్టిన గూటిలో చిక్కుకొనిన గంధకపు అణువులే రెండింటికిని నీలిరంగునిచ్చును. జేగురు బజారులో దొరకును. దీపముపై మూకుడు బోర్లించినచో మసి వచ్చును. సున్నము ఇంట నుండును. వీనిని కొద్ది జిగురుతో అట్టముక్కమీద వరుసగా పూసి, ప్రక్కన అదే నీలమువలె కంటికి తోచునట్లు ఇంకు కలిపి వేసిన కాగితమును అంటించవలెను. దీనిని చేతికి దొరకిన కెమేరాతో, ఫోనుతో, పాత ఫిలిముతో తీసి చూచినచో రెండు నీలములు వేరుపడునో లేదో ఆ చిత్రమే చెప్పును. నేటి కెమేరాలలో పరారుణ కాంతిని ఆపు ఫిల్టరు ఉండును గనుక తేడా తక్కువగా రావచ్చును. తరగతిలో ఇద్దరు ముగ్గురు వేరువేరు కెమేరాలతో తీసి పోల్చుట మరింత ఆసక్తికరముగా ఉండును.

సికింద్రాబాదు పాఠకునకు ఇంకొక పోలిక చేరువలోనే కలదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో ఈ ఊరిలోనే స్టూడియో నడిపెను. ఆయన 1905 లో మరణించెను. ఆ స్టూడియో గాజుపలక నెగెటివులలో 2,857 ను 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. ఆ పలకలలో బొమ్మను నిలిపినది లోహపు వెండి. రంగు ఫిలిములలో వెండిని కడిగివేసి రంజకమును మాత్రమే మిగుల్తురు. రంజకము చీకటిలో సయితము కాలక్రమమున వెలసిపోవును. ఎక్టాక్రోము పాత తరములలో సయాను ముందుగా పోవుటచేత ఎన్నో స్లైడులు ఎర్రబారినవి. కొడాక్రోము చీకటిలో చాలకాలము నిలుచును గాని ప్రొజెక్టరు వెలుగులో త్వరగా చెడును. అట్టి స్లైడును దాచి నకలును చూపుమని చెప్పుట నకలు ఫిలిమునకు దక్కవలసిన అసలు గౌరవము. చిత్రములోని రంగును తరతరములకు నిలుపదలచినవారికి పాత త్రివర్ణ పద్ధతియే దిక్కుగా ఉండెను. ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్ల గుండ మూడు నలుపు తెలుపు నెగెటివులు తీసి దాచుటే ఆ పద్ధతి. జేమ్సు క్లర్కు మాక్స్‌వెల్ 1861 లో చూపిన సూత్రమిదే. శ్రమ మూడింతలు, ఖర్చును అంతే. అందుచేతనే దానిని అందరు మెచ్చుకొనిరి, కొందరే పాటించిరి.

నకలు ఫిలిములు ఇప్పుడు తయారగుట లేదు. కొడాకు స్లైడు ప్రొజెక్టర్ల తయారీని 2004 లో ఆపినది. కొడాక్రోమును 2009 లో విరమించినది. ఎక్టాక్రోము ఒక రకము 2018 లో తిరిగి వచ్చినను నకలు ఫిలిము రాలేదు. అయినను ఈ చర్చ పాతబడలేదు. పాఠశాలలు, కళాశాలలు, ప్రదర్శనశాలలు తమ బీరువాలలోని స్లైడులను కంప్యూటరులోనికి ఎక్కించుకొనుచున్న కాలమిది. ఎక్కించువాని చేతికి వచ్చిన స్లైడు గోడచిత్రమునుండి నేరుగా తీసినదా, చేతిప్రతినుండి తీసినదా, స్లైడునుండి తీసిన నకలా, ఏ ఫిలిముమీద తీసినది అని చూచువారు తక్కువ. నకలుమీద తేడా తక్కువగా నుండుటచే స్కానరులో అది అందముగా వచ్చును. వెలసిన అసలు వికారముగా వచ్చును. కావున అసలు చెత్తబుట్టకు పోయి నకలు నిలుచు ప్రమాదము ఉన్నది. పిదప ఎవరో ఒకరు తెరముందు కూర్చుండి, అజంతా నీలమును ఎన్నడు చూడకపోయినను, తనకు తోచిన నీలమును నింపుదురు. పది సంవత్సరముల తరువాత పాఠ్యపుస్తకములో అచ్చగునది ఆ నీలమే కావచ్చును.

స్లైడు చట్రము అంచున ఉన్న వ్రాతలను తుడువరాదు. చట్రము విప్పినచో ఫిలిము అంచునగల అక్షరములు, అంకెలు ఫిలిము ఏ జాతిదో చెప్పును. 5071 అని కనబడినచో అది నకలు ఫిలిము. దానిమీద స్లైడునుండి తీసిన బొమ్మ యైనచో అసలు స్లైడు వేరొకచోట ఉండియుండవచ్చును, దానిని వెదకుట మంచిది. అదే ఫిలిముమీద చిత్రమునుండి నేరుగా తీసినదని తెలిసినచో గీతలను, నీడలను నమ్మి, నీలమును ఆకుపచ్చను మాత్రము నమ్మకుండ, ఆ మాట స్కాను ప్రక్కన వ్రాసియుంచవలెను. పబ్లిక్ గార్డెన్సులోని చేతిప్రతులను చూడబోవు విద్యార్థి జేగురు, బట్టల నీలము, మసి, సున్నము పూసిన అట్టముక్కను జేబులో పెట్టుకొని పోయి, కంటితోనే పోల్చి, కనబడినది నోటుపుస్తకములో వ్రాసికొనవచ్చును.